మజుర్కా



నేడు మేము మీ యెదుట ముచ్చటింప బూనిన వస్తువు మిక్కిలి చిన్నది. అది మహాకావ్యము కాదు. నూర్గురు వాద్యకారులు కూడి మ్రోయించు సింఫనీయు గాదు. ఒక్క మనుష్యుడు, ఒక్క పియానో, రెండుమూడు నిమిషముల కాలము. మిక్కిలి పెద్దదైనచో నాలుగైదు. తాంబూలము చుట్టి నోట వేసికొనునంతలో సగము ముగిసిపోవును. దానిపేరు మజుర్కా. పోలండుదేశపు పల్లెలలో పెండ్లిండ్లయందును సత్రములయందును రైతు లాడుకొను ఆట యది. ఆ యాటను ఫ్రెడరిక్ షోపాను పియానోమీదికి దెచ్చి, బాల్యము మొదలు కడపటి సంవత్సరములవఱకు విడువక, యాబదికి మించిన మజుర్కాలను వ్రాసెను. కచేరీభవనములు దద్దఱిల్లునట్టి పెద్దకృతులు వ్రాయజాలినవాడు ఇంత చిన్న వస్తువును ఏల జీవితాంతము పట్టుకొని యుండెను? అందులో నతడు దాచిన దేమి? ఈ ప్రశ్నకు సమాధానము రాజకీయములలో గాక మజుర్కా నడకలోనే వెదుకవలెనని మా యభిప్రాయము.

అయినను ముందుగ రాజకీయములే చెప్పక తప్పదు. రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా అను మూడు రాజ్యములు పోలండును 1772లో ఒకమాఱు, 1793లో ఆస్ట్రియా పాలుగొనకయే ఒకమాఱు, 1795లో ఒకమాఱు కోసి పంచుకొనెను. మూడవ పంపకముతో ఆ దేశము పటమునుండి మాయమయ్యెను. 1815లో వార్సా చుట్టుపట్ల ‘పోలండు రాజ్యము’ అను పేర నొక దానిని నిలిపిరి గాని, దానికి రాజు రష్యా చక్రవర్తియే. మరల స్వతంత్రమగుట 1918లో. అనగా 123 సంవత్సరములు ఆ జాతికి రాజ్యము లేదు.

రాజ్యము పోయెను గాని ఆట పోలేదు. 1797లో ఇటలీదేశమున నెపోలియను పక్షముగ బోరుచుండిన పోలిషు దళములకొఱకు యోజెఫ్ విబిట్స్కీ ఒక పాట గట్టెను. సేనాపతి పేరిట అది ‘దొంబ్రోవ్‌స్కీ మజుర్కా’ యని ప్రసిద్ధి కెక్కినది. 1927లో అదియే పోలండు జాతీయగీతమయ్యెను. గమనింపుడు: సైనికులు తమకు పాట కావలెనన్నప్పుడు ఎడమ కుడి యని సమముగ నడుచు కవాతు పాటను గోరలేదు, పల్లెయాట తాళమునే గోరిరి. మూడుమాత్రల తాళమున కవాతు సాగుట సుకరము కాదు. అయినను వారికి అదియే కావలసివచ్చెను.

ఇక నా తాళమెట్టిది? మజోవియా యనునది వార్సా చుట్టును వ్యాపించిన మైదానపు సీమ. ఆ సీమవారి యాట మజుర్; మధ్యమవేగము గలది, పదఘాతము గట్టిది. కుయావీ సీమనుండి వచ్చిన కుయావియాకు మెల్లగ ఊయెలవలె సాగును. ఒబెరెకు అనునది సుడిగాలివలె గిరగిర దిరుగును. షోపాను ఈ మూడింటిని మజుర్కా యను ఒక్క పేరు క్రిందికి దెచ్చెను. ఒక్కొకచో ఒకే కృతిలో రెండుమూడు నడకలు గలిసి కనబడును. మూడింటికిని మూడుమాత్రల తాళమే. వియన్నానగరమును ఊపివైచిన వాల్ట్‌జు నాట్యమునకును మూడుమాత్రలే గదా యందురేమో. రెంటికిని హస్తిమశకాంతరము. వాల్ట్‌జులో బరువు మొదటిమాత్రపై బడును; తక్కిన రెండును దాని వెనుక దాసులవలె నడుచును. మజుర్కాలో మొదటిమాత్ర తఱచుగ రెండు ముక్కలై త్వరగ దాటిపోవును. బరువు రెండవదానిపైననో మూడవదానిపైననో పడును. ఏ యావృత్తమున నెక్కడ పడునో ముందుగ జెప్పరాదు. మన కచేరీలలో రూపకతాళమును రెండు దెబ్బలు, ఒక విసురుగ వేయుట మీ రెఱుగుదురు. ఆ విసురు రావలసిన చోట, చేయి గాలిలో నుండవలసిన క్షణమున, ఎవడో బూటుమడమతో నేలను దన్నెననుకొనుడు. వినువాడు ఉలికిపడును, ఆడువాని కదియే ప్రాణము.

శ్రుతి సంగతి యింకొకటి. అక్కడి పల్లెలలో పాటకు తోడుగ తిత్తివాద్యము గలదు. మన వీధిభాగవతుల వెనుక శ్రుతిపట్టు తిత్తికి అది దూరపు జ్ఞాతి వంటిది. ఆధారస్వరమును విడువక మ్రోయుచుండును. షోపాను తన మజుర్కాలలో ఎడమచేతిని పలుమాఱు ఈ తిత్తిగ మార్చెను: షడ్జపంచమములు రెండును కలిసి కదలక మ్రోయుచుండ, కుడిచేయి పైని పిల్లనగ్రోవివలె పలుకును. ఇంకొక వింత యేమనగా, ఆ పిల్లనగ్రోవి శుద్ధమధ్యమమునకు మాఱుగ ప్రతిమధ్యమమును బట్టును. 68వ సంపుటిలోని మూడవ మజుర్కా నడిమిభాగము వినుడు. శంకరాభరణమువలె సాగుచుండిన పాటలో హఠాత్తుగ కల్యాణి మధ్యమము మెఱసినట్లుండును. నాటి పారిసు సంగీతపాఠశాలలలో దీనిని విద్యార్థి వ్రాసియుండినచో గురువు ఎఱ్ఱసిరాతో దిద్దియుండును. పల్లెవాని కది తప్పు గాదు, సహజము.

షోపాను పల్లెవాడు కాడు. 1810లో వార్సాకు పడమట నున్న జెలజోవా వోలా గ్రామమున బుట్టెను గాని, కొన్ని మాసములకే తల్లిదండ్రులు రాజధానికి మకాము మార్చిరి. తండ్రి ఫ్రాన్సుదేశమునుండి వచ్చి స్థిరపడిన ఉపాధ్యాయుడు; తల్లి పోలండుదేశీయురాలు. బాలుడు నగరపు నట్టిండ్లలో పెరిగెను. మఱి పల్లెపాట యెట్లు వినెను? హంగరీదేశమున గ్రామగ్రామము దిరిగి పాటలు సేకరించిన బార్టోకు మహాశయుడే, షోపాను నిజమైన రైతుపాటను వినియుండునా యని సందేహించెను. ఇది కొట్టివేయదగిన సందేహము గాదు. అయినను 1824వ సంవత్సరపు వేసవి సంగతి యొకటి యున్నది. పదునాలుగేండ్ల షోపాను సెలవులకు షఫార్నియా యను పల్లెకు బోయి, ఇంటికి ఉత్తరములు వ్రాయుటకు బదులు చేతివ్రాత పత్రిక యొకటి నడపెను. ‘వార్సా కొరియరు’ అను దినపత్రికను వెక్కిరించుచు దానికి ‘షఫార్నియా కొరియరు’ అని పేరిడెను. సంపాదకుడు తన పేరులోని అక్షరములను తారుమారు చేసి ‘పిషోను’ అయ్యెను. అంతటితో నూరకుండక, నాటి పత్రికల కుండిన ఆచారము ననుసరించి, ఈ సంచికను పంపవచ్చునని సెన్సారు అనుమతిని గూడ అడుగున జేర్చెను. ఆ సెన్సారు అతిథులింటి ఆడపడుచు! పత్రికలవారమగుటచే మాకీ పిల్లవానిపై వల్లమాలిన ముచ్చట గలిగినచో మీరు క్షమింపవలెను.

ఆ పత్రికలోని వార్తలలో నొకటి మనకు ముఖ్యము. ఒక గ్రామమున దడిమీద గూర్చుండి ఒక పల్లెపిల్ల గొంతెత్తి పాడుచుండగా పిషోనుగారు బండి నాపి వినెనట. పాట సరిగ జిక్కకపోవుటచే మూడు చిల్లరనాణెము లిచ్చి మరల పాడించుకొనెనట. నాటి యూరపులో కటలానీ యను గాయని మహాప్రసిద్ధురాలు. ఆ దడిమీది పిల్లకు అతడు కటలానీ యని బిరుదిచ్చెను. వెక్కిరింతతో జెప్పిన మాటయే యైనను, డబ్బిచ్చి రెండవమాఱు పాడించుకొనినవాడు వెక్కిరించుటకై వినలేదని వేఱుగ జెప్పవలయునా?

విన్న పాటను ఏమి చేయవలెను? ఇచ్చటనే షోపాను మార్గము వేఱగుచున్నది. వార్సాలో షోపాను కుటుంబమునకు ఇరుగుపొరుగున నుండిన వారిలో కోల్‌బెర్గువారు ఒకరు. ఆ యింటి కుమారుడు ఓస్కార్ కోల్‌బెర్గు తరువాత జీవితమంతయు పోలండు జానపదగీతములను సేకరించి సంపుటములకు సంపుటములుగ బ్రచురించిన మహానుభావుడు. అతడు మొదట, 1842లో, పల్లెపాటలకు పియానో సహకారము గూర్చి, నట్టింట పాడుకొనదగినవిగ జేసి అచ్చు వేయించెను. షోపాను దానిని జూచి సంతసింపలేదు. 1847లో ఇంటివారికి వ్రాసిన జాబులో, తలంపు మంచిదే గాని ఆ బరువు మోయుటకు భుజములు చాలలేదని యనెను. ఇట్టి పాటలు ముక్కు అతికించి, చెంపలకు రంగు పూసి నిలువబెట్టిన మనుష్యులవలె నున్నవని భావము వచ్చునట్లు వ్రాసెను. మాట కటువైనదే. కోల్‌బెర్గు సైతము పిమ్మట ఆ సహకారముల నన్నిటిని విడిచి, పాటను విన్నది విన్నట్లే వ్రాయు మార్గమునకు వచ్చెను గనుక, షోపాను విమర్శ అన్యాయము గాదని చెప్పవచ్చును.

షోపాను మార్గము ఈ రెండింటిలో నేదియు గాదు. అతడు పల్లెపాటను తెచ్చి అలంకరింపలేదు, ఉన్నదున్నట్లు వ్రాయనులేదు. అతని మజుర్కాలలో ఇదిగో ఈ యూరిపాట యని వ్రేలు పెట్టి చూపదగిన వరుస దొరకుట దుర్లభము. అతడు తీసికొన్నది పాట గాదు, నడక. మనుష్యుని రూపమును జిత్రించుట యొకటి. దూరమునుండి వచ్చువాని నడక చూచి, ముఖము కనబడకమునుపే, మావాడే యని గుర్తుపట్టుట వేఱొకటి.

1830వ సంవత్సరము నవంబరు 2వ తేదీన ఇరువదియేండ్ల షోపాను వార్సా విడిచెను. ఆ నెల 29వ తేదీన నగరమున రష్యాపై తిరుగుబాటు రేగెను. అప్పటి కతడు వియన్నాలో నుండెను. తోడుగ వచ్చిన మిత్రుడు టైటస్ వెనుకకు మరలి పోరులో జేరెను, షోపాను నిలిచిపోయెను. కొందఱు దీనిని దాచి చెప్పుదురు. మాకు దాచుట యవసరముగ దోపలేదు: దుర్బలశరీరుడు, తుపాకి పట్టదగినవాడు కాడు, ఆ సంగతి యతడే యెఱుగును, దానికై యతడే కుమిలెను. ఆ శీతకాలమున వియన్నానుండి వ్రాసిన యొక జాబులో తన మజుర్కా ఆడుటకు గాదని చెప్పెను. నగరమంతయు వాల్ట్‌జులో మునిగియున్న దినములవి. 1831 సెప్టెంబరులో వార్సా పడిపోయెను. ఆ శరత్తున పారిసు చేరినవాడు స్వదేశమునకు మరల బోలేదు.

6వ, 7వ సంపుటములు 1832లో వెలువడినవి. 7వదానిలో కడపటిది ఒక్క నిమిషమైనను పట్టని ముక్క. దాని చివర ముగింపు లేదు. మొదటికి బోయి మరల వాయింపుడని, అంతము లేదని గుర్తు వ్రాసెను. పల్లెలో ఆట యట్లే గదా. వాద్యకాని చేయి నొచ్చువఱకు సాగును. ఈ సంపుటములకు లండను ప్రకాశకుడు ‘పోలండు స్మృతి’ యని అర్థమిచ్చు పేరు దగిలించెను. తన కృతులకు ఆ వర్తకుడు పెట్టు పేరులను జూచి షోపాను మండిపడెడివాడు.

17వ సంపుటిలోని నాలుగవదానికడ కొంచెము నిలుతము. ఏ-మైనరు శ్రుతి, 1834లో అచ్చయ్యెను. మొదట పాట లేదు. మూడేసి స్వరములు గలిసి మెల్లగ మ్రోయును: పైదియు గదలదు, క్రిందిదియు గదలదు, నడిమి స్వరమొక్కటి మెట్టు మెట్టుగ పైకి బోవును. ఏ రాగమున నున్నామో తెలియదు. తలుపు తీయకయే లోపల నెవరో నడచుచున్నట్లుండును. పిదప పాట వచ్చును. ఎడమచేతి స్వరసముదాయములు అరమెట్టు అరమెట్టుగ క్రిందికి జారుచుండ, కుడిచేయి ఒక్కటే మాటను పలుమాఱు, ప్రతిమాఱు వేఱు గమకముతో జెప్పును. నడుమ ఏ-మేజరులో వెలుగు వచ్చును. ఎడమచేయి తిత్తియగును, పంచమము మ్రోగును, ఊరు కనబడును. ఆ కాపురము చాలసేపు నిలువదు. మరల మొదటి పాట, మొదటి చీకటి. చివరకు ఆ మొదటి మూడు స్వరసముదాయములే వచ్చి, మాసిపోవుచు నిలిచిపోవును. క్రింద షడ్జమున్నది; పైన మాత్రము పొరుగుశ్రుతివారు వచ్చి కూర్చుండిరి. ముగిసినదా, తెగినదా యని వినువాడు చెప్పలేడు. దీనిని ప్రవాసి విలాపమని పలువురు వ్రాసిరి. కాదనము. కాని విలాపమైనచో తాళము సడలవలెను గదా! ఇందు దుఃఖమెంత లోతునకు దిగినను మూడవమాత్ర బరువు తప్పలేదు. ఏడ్చువాని పాదము నేలను మఱువలేదు.

ఈ నడక కాగితముమీదికి రాదని చెప్పుటకు రెండు సాక్ష్యములున్నవి. 1840వ దశకమున షోపాను శిష్యుడు లెంజు 33వ సంపుటిలోని సి-మేజరు మజుర్కా వాయించుచుండగా ఒపేరా రచయిత మయ్యర్‌బీరు లోనికి వచ్చి, ఇది రెండుమాత్రల తాళమనెనట. షోపాను మూడుమాత్రలే యని పెన్సిలుతో దెబ్బ వేసి చూపెను. అతడు ఒప్పుకొనలేదు. ఎన్నడును గొంతెత్తని షోపాను కోపముతో శిష్యుని లేపి, తానే కూర్చుండి, పెద్దగ లెక్కించుచు, కాలితో నేలను దన్నుచు మాటిమాటికి వాయించెను. అయినను ఒప్పుకొనక ఇరువురును కినుకతో విడిపోయిరి. ఈ కథను లెంజే వ్రాసెను. రెండవ సాక్షి చార్లెసు హాలే. అతడును షోపానుతో, మీరు నాలుగుమాత్రలు వాయించుచున్నారని, తానే పైకి లెక్కించి చూపెను. ఈమాఱు షోపాను నవ్వెను. అది మా జాతియాటలోని గుణమనెను. వ్రాసినది మూడు, వాయించినది మూడును గాదు, నాలుగును గాదు, ఒక మాత్రను కొంచెము సాగదీయుట. ఎంత సాగదీయవలెనో కొలత లేదు. ఎడమచేయి తాళము విడువరాదని శిష్యులకు బోధించిన గురువే, తన చేతిలో మాత్రము ఊరి కొలతను దాచుకొనెను.

1836లో షూమను అను జర్మను రచయిత, ఉత్తరదేశపు చక్రవర్తికి ఈ మజుర్కాలలోని అపాయము తెలిసినచో నిషేధించియుండెడివాడని వ్రాసెను. పూలలో గప్పిన ఫిరంగులనెను. అప్పటినుండి ఈ మాటను చెప్పనివాడు లేడు. మాకు కొంత సందేహము గలదు. ఆ 1836లోనే సెంటుపీటర్సుబర్గున గ్లింకా ఒపేరా ‘చక్రవర్తికై ప్రాణము’ ప్రదర్శింపబడెను. అందు శత్రువులుగ వచ్చు పోలిషువారు మజుర్కా ఆడుదురు, చక్రవర్తి కూర్చుండి చూచెను. రష్యా కొలువులలో మజుర్కా ప్రియమైన నాట్యము. జయించినవాడు జితుని ఆటను నేర్చుకొని సుఖముగ ఆడుచుండెను! అట్లయిన ఫిరంగి యెక్కడ? బూటుమడమలలో లేదు. ఆడుటకు వీలుకాని మజుర్కాలో నున్నది. కొలువులో ఆడువానికి అడుగులు దొరకెను. సాగదీసిన యా మాత్ర దొరకలేదు.

పాలకులు మాత్రము షూమను మాటను నమ్మినట్లే నడచుకొనిరి. 1863 సెప్టెంబరు 19న, మరియొక తిరుగుబాటు కాలమున, రష్యా సేనాధికారిపై దాడి జరుగగా, సైనికులు వార్సాలోని జమోయ్‌స్కీ భవనముపై బడి, అందు షోపాను చెల్లెలి యింటనుండిన యతని పియానోను కిటికీనుండి వీధిలోనికి ద్రోసిరి. 1939లో జర్మనులు దేశము నాక్రమించిన పిదప షోపాను సంగీతమును బహిరంగముగ వాయించుట నిషేధించిరి. 1940 మే 31న వార్సాలోని అతని విగ్రహమును పేల్చివైచిరి. జనులు ఇండ్లలో తలుపులు మూసికొని వాయించుకొనిరి. విగ్రహము 1958లో మరల నిలిచెను.

ఇది పోలిషువారి నెత్తురులో నున్నది, పరులకు రాదని చెప్పువారున్నారు. వార్సాలో 1927 మొదలు జరుగుచున్న షోపాను పోటీలో మజుర్కాలకు ప్రత్యేక బహుమానము గలదు. 1955లో దానిని గెలిచినవాడు చీనాదేశీయుడు, షాంఘైలో బుట్టిన ఫూ త్సుంగు. నెత్తురువాదమునకు ఇంతకన్న మంచి జవాబు మాకు దెలియదు. పల్లెపిల్లకు నాణెములిచ్చి రెండవమాఱు విన్నట్లు వినవలెను, వినినవానికి వచ్చును.

షోపాను 1849 అక్టోబరు 17న పారిసులో మరణించెను. దేహమును అక్కడ బూడ్చిరి; హృదయమును అక్క లుద్వికా వార్సాకు దెచ్చెను. అతని కడపటి రచన యని చాలకాలము నమ్మబడినది 68వ సంపుటిలోని ఎఫ్-మైనరు మజుర్కా. దాని చిత్తు ఒక్క కాగితము: కొట్టివేతలు, ఇఱికించిన స్వరములు, ఎచ్చటినుండి యెచ్చటికి బోవలెనో తెలియని గుర్తులు. మిత్రుడగు సెల్లోవాదకుడు ఫ్రాంషోము 1852లో చదువగలిగినంత చదివి ప్రతి వ్రాసెను. 1855లో ఫాంటానా అచ్చు వేయించెను. నడిమిభాగ మొకటి చదువరాక విడువబడెను. ఇరువదవ శతాబ్దమున పండితులు ఆ కాగితమును మరల జూచి, విడిచిన భాగమును కూడదీసిరి. ఒకరి కూర్పు ఒకరి దానితో సరిపోలేదు. అందుచే నేటికిని ఆ మజుర్కాను కొందఱు పొట్టిగను, కొందఱు పొడవుగను వాయించుచున్నారు.